ముందుగదిలో సంఘం

మిల్లు సంగు కూస్తే నిద్ర లేచి, సంగు కూస్తే అన్నం తిని, సంగు కూస్తే పడుకునే ఆ రోజుల్లో (సైరన్‌ను కోయంబత్తూరులో సంగు అనే అంటాం, శంఖం అన్నమాట), మా వీధి మనుషులకు ఏ కూతా అవసరం లేకుండా వచ్చే పని ఒకటుండేది. అది అనుమానపడటం. ఎవడైనా కొత్త చొక్కా వేసుకుంటే డబ్బెక్కడిదని అనుమానం, పాత చొక్కా వేసుకుంటే డబ్బేం చేశాడని అనుమానం. గుడికి రోజూ వెళ్ళేవాడు ఏం పాపం చేశాడోనని, వెళ్ళనివాడు ఏ పార్టీలో కలిశాడోనని. అనుమానాన్ని మా వాళ్ళు అన్నానికి ముందు వడ్డించేవాళ్ళు. నేనూ ఆ విస్తరి ముందు కూర్చుని పెరిగినవాణ్ణే. కాకపోతే నా అనుమానాలకు పుస్తకాల ఆధారం ఉండేది. అందుకే అవి మిగతావాళ్ళ వాటికంటే ఎక్కువ ప్రమాదకరంగా ఉండేవి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళుంటాయేమో. నాయన చిన్నప్పుడే పోతే పెద్దనాయనే పెంచాడు. ఆయనకు మిల్లు గేటు పక్కన, మిల్లు గోడకు ఆనించి కట్టిన టీ అంగడి ఉండేది. ఎస్సెస్సెల్సీ అయ్యాక నేను పొద్దున ఆ అంగట్లో గ్లాసులు అందించి, మధ్యాహ్నం ఊళ్ళోని గ్రంథాలయానికి పోయేవాణ్ణి. మా తెలుగు ఎన్నో తరాల కింద బండ్లెక్కి ఇటు వచ్చిన తెలుగు. నోట్లో ఉంటుంది గాని చేతికి రాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, బ్యాంకులో ఇంగ్లీషు. మా వీధి మొత్తంలో తెలుగు అక్షరం చదవగలిగినవాడు ఒక్కడు కూడా ఉండేవాడు కాదు, నేను నేర్చుకునేదాకా. గ్రంథాలయంలో చివరి మూల ఒక తెలుగు బీరువా ఉండేది. లైబ్రేరియన్‌కు ఆ లిపి తెలియదు గనుక సగం పుస్తకాలు తలకిందులుగా నిలబెట్టి ఉండేవి. తమిళం ద్వారా తెలుగు నేర్పే ఒక చిరిగిన వాచకం పట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ పలకరించి, ఒత్తులతో గొడవపడి, చివరికి ఆ బీరువాకు నేనొక్కణ్ణే పాఠకుణ్ణయ్యాను. ఎవరూ చదవని చోట చదివేవాడే పండితుడు కదా! ఆకాశవాణిలో ఏదైనా కష్టమైన తెలుగు మాట వస్తే వీధివాళ్ళు నా దగ్గరికే వచ్చేవాళ్ళు. తెలిస్తే చెప్పేవాణ్ణి. తెలియకపోతే ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి.

ఇక అసలు విషయం. అంతకు ముందు ఏడు మిల్లులో పెద్ద సమ్మె జరిగింది. మా దగ్గర యూనియన్‌ను సంగం అంటారు. ఎర్ర జెండా సంగం, రెండు రంగుల సంగం, మూడు రంగుల సంగం, ఇన్ని ఉండేవి. సమ్మె రోజుల్లో అన్ని సంగాలవాళ్ళూ మా బెంచీల మీదే కూర్చుని నినాదాలు తయారు చేశారు. టీ తాగేవాడికి బెంచీ ఇవ్వకుండా ఎలా ఉంటాం? కానీ మేనేజ్‌మెంటుకు అది నచ్చలేదు. సమ్మె ముగిశాక తిరునెల్వేలి వైపు నుంచి ఒక కొత్త లేబర్ ఆఫీసర్ వచ్చాడు. నవ్వడం తెలియని మనిషి. వచ్చీ రాగానే పెద్దనాయనను పిలిచి, "ఈ అంగడికి పర్మిషన్ మళ్ళీ ఇయ్యాలా వద్దా అని చూస్తున్నాం. సంగం వాసన వచ్చిందంటే మాత్రం గోడ పక్క నుంచి లేపేస్తాం" అని తమిళంలో చెప్పి పంపాడు. ఆ రోజు నుంచి మా పెద్దనాయన ముక్కు సంగం వాసన కోసం తప్ప వేరే దేనికీ పని చెయ్యలేదు. ఆ అంగడే మా అన్నం. అది పోతే ఏంటన్నది ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

సరిగ్గా అప్పుడే మా ముందుగదిలోకి గుంటూరాయన అద్దెకు దిగాడు. మిల్లులో కొత్త స్పిన్నింగ్ మిషన్లు బిగించడానికి వచ్చిన ఫిట్టర్. నలభై దాటినవాడు, మెత్తని మనిషి, చెయ్యి మాత్రం ఇనుము. మా అవ్వ (పెద్దనాయన తల్లి, ఇంటికి అసలు ఆఫీసర్ ఆమే) ఆయనను అరుగు మీద కూర్చోబెట్టి విచారణ చేసింది.

"ఏవూరు నాయనా మీది?"

"గుంటూరు దగ్గరండి."

"తెలుగు ఎంత బాగా మాట్లాడతుండావు! అయితే మనోళ్ళే. మీకు ఇలవేలుపు ఎవురు?"

ఆయన కొంచెం ఆలోచించి, "మాకు ఒక్కరేనండి" అన్నాడు.

"మాకూ ఒక్కరే" అంది అవ్వ సంతోషంగా. "కారమడై రంగనాథుడు."

ఇద్దరూ తృప్తిగా తలలూపుకున్నారు. మా దగ్గర తెలుగు అంటే కేవలం భాష కాదు, అది ఇంటి గుర్తు. తమిళం ఎవరైనా మాట్లాడతారు: హిందువులు, సాయబులు, గంట మోగే పెద్ద గుడికి పోయే క్రైస్తవులు. తెలుగు మాట్లాడితే మాత్రం వాడు మనవాడు, వాడు పెరుమాళ్ళ గుడికి వస్తాడు. అంతే. ఇందులో మా వీధిలో ఎవరికీ ఎప్పుడూ అనుమానం రాలేదు. (అన్నింటినీ అనుమానించేవాళ్ళు అనుమానించకుండా వదిలేసేది ఒకటుంటుంది చూడండి, కాలు జారేది అక్కడే.)

మొదటి ఆదివారం పొద్దున ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో నల్లగుడ్డ చుట్టిన లావాటి పుస్తకంతో బయటికి వచ్చి నన్ను అడిగాడు: "తమ్ముడూ, ఇక్కడ మన సంఘం ఎక్కడైనా ఉందా?"

అరుగు మీద టీ తాగుతున్న పెద్దనాయన చేతిలోని లోటా నోటికీ ఒడికీ మధ్య ఆగిపోయింది. "ఉన్నాయి గాని మూసేసి ఉన్నాయండి" అని నేను ఏదో గొణిగాను. "పర్వాలేదు, వెతుక్కుంటాను" అని ఆయన పోత్తనూరు బస్సెక్కాడు. పోత్తనూరంటే రైల్వే ఊరు. రైల్వే సంగాలతో పోలిస్తే మిల్లు సంగాలు భజన మండళ్ళు.

"ఒరే అబ్బాయా," అన్నాడు పెద్దనాయన, గొంతు తగ్గించి, "ఏమన్నాడురా ఆయన?"

"సంఘం ఎక్కడుండాదని అడిగినాడు పెద్దనాయనా."

"నా చెవులు ఒళుంగానే, సరిగానే ఉండాయిలే. మన సంగం అన్నాడు. మన! ఎవురు రా ఆ మన?"

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. గుంటూరాయన నోట ఆ మాటలో 'ఘ' నిండుగా, పొట్టలోనుంచి వచ్చింది. తమిళ బళ్ళో చదివిన మా నోళ్ళకు 'గ' తప్ప 'ఘ' పలకదు. వీధిలో ఆ అక్షరాన్ని గుర్తుపట్టి, రాసి చూపించగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మధ్యాహ్నమే గ్రంథాలయానికి పోయి నిఘంటువు తీశాను. సంఘము అంటే సమూహము, గుంపు అని ఉంది. ఇంటికొచ్చి, "సందేహం లేదు పెద్దనాయనా. గ అయినా ఘ అయినా గుంపే" అని తీర్పు చెప్పాను.

దాంతో వేగుపని నాకు పడింది. "నువ్వు చదువుకున్నోడివి. ఆయనతో తెలుగులో మాటలు కలుపు. ప్రశ్నలడుగు. అన్నీ వచ్చి నాతో చెప్పు. ఆఫీసర్‌కు తెలిసేలోగా మనకు తెలియాల" అన్నాడు పెద్దనాయన. నాకు లోపల ఎంత ఉత్సాహమో! తమిళంలో వచ్చిన రాజకీయ పుస్తకాలు బోలెడు చదివి ఉన్నాను. రహస్యంగా పనిచేసే విప్లవకారుడు మితంగా మాట్లాడతాడు, సొంత ఊరికి దూరంగా ఉంటాడు, పుస్తకాన్ని గుడ్డ చుట్టి దాచుకుంటాడు, బీడీ కాల్చడు. గుంటూరాయన అన్ని లక్షణాలతోనూ పాసయ్యాడు.

సాయంత్రాలు ముందుగది గుమ్మం దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టాను. మా ఊళ్ళో ఆ కాలంలో అందరూ అందరినీ అడిగే ప్రశ్నలే అవి. తిన్నగా అడిగితే తప్పించుకుంటాడని వంకరగా అడిగేవాణ్ణి.

"మీ సంఘానికి నాయకుడు ఎవరండి?"

"కాపరి గారున్నారు తమ్ముడూ. పోత్తనూరులోనే. రైల్వేలో చేసి రిటైరయ్యారు."

(కాపరి! మారుపేరు ఎంత అమాయకంగా పెట్టుకున్నారు, గొర్రెలు కాసుకునేవాడిలా అని మనసులో మెచ్చుకున్నాను.)

"సంఘంలో ఎవరైనా చేరొచ్చా?"

"ఎవరైనా. కూలివాడని, ఆఫీసరని భేదం లేదు."

"ముదలాళులు, అంటే మిల్లు యజమానులు కూడానా?"

ఆయన నవ్వాడు. "వాళ్ళకే కొంచెం కష్టం. బాగా ఉన్నవాళ్ళు లోపలికి రావడం చాలా కష్టమని మాకు ముందే చెప్పారు."

"మరి మీరు ఏ పార్టీకి ఓటు వేస్తారు?"

"మనిషిని చూసి వేస్తాను. పార్టీలు వస్తాయి, పోతాయి. మేం ఎదురుచూసే రాజ్యం వేరు."

నేను గుమ్మం లోపలికి కొంచెం జరిగాను. "అదెప్పుడొస్తుందండి?"

"ఎప్పుడన్నది చెప్పలేదు. సిద్ధంగా ఉండమన్నారు, అంతే."

"ఎవరు?"

ఆయన వేలు పైకి చూపించాడు. నేను పైకి చూశాను. అక్కడ మా అటక, దాని మీద అవ్వ ఊరగాయ జాడీలు ఉన్నాయి. ఒక్క క్షణం తర్వాత గాని నాకు తట్టలేదు, పైవాళ్ళు అంటే పై నాయకులని. మద్రాసు కావచ్చు, ఢిల్లీ కావచ్చు, అంతకంటే పైన మంచు కురిసే దేశమే కావచ్చు. అన్నింటికీ కడపటి ప్రశ్నగా, అసలు మీ సంఘానికి ఏం కావాలండి అని అడిగాను. "ఒక్కటే మాట తమ్ముడూ. విమోచన" అన్నాడు. ఆ మాట నేను ఎర్ర అట్టల పుస్తకాల్లో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ రాత్రి నా నివేదిక విన్న పెద్దనాయన రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు.

మరునాటి సాయంత్రం వ్యవహారం ఇంకా ముదిరింది. మాటల్లో గుంటూరాయన ఒక కథ చెప్పాడు. ఒక ముదలాళికి ద్రాక్షతోట ఉందట. పొద్దున్నే కొందరిని కూలికి పిలిచాడట. మధ్యాహ్నం ఇంకొందరు, పొద్దుగూకే ముందు మరికొందరు. చివరికి అందరికీ ఒకే కూలి ఇచ్చాడట. పొద్దుటి నుంచి ఎండలో మాడినవాళ్ళు గొణిగితే, నా డబ్బు నా ఇష్టం అన్నాడట. "ఎంత గొప్ప మనసో చూడు తమ్ముడూ" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నేను పరుగున పోయి చెప్పాను. పెద్దనాయన తల పట్టుకున్నాడు. "సాయంత్రం సంగు కూసే ముందు గేట్లోకి దూరినోడికి కూడా పూర్తి షిఫ్టు కూలియా! ఇంతవరకూ ఎర్ర జెండావాళ్ళు కూడా ఇంత దూరం అడగలేదురా! ఏ తోట అది? ఎక్కడ?"

"ద్రాక్షతోట అన్నాడు, ఊరు చెప్పలేదు."

"ద్రాక్ష అంటే మన చిన్నమనూరు పక్కే గదా!"

పెద్దమ్మ తమ్ముడు ఆ చిన్నమనూరులోనే ఉండేవాడు, తోటలు కౌలుకు చేసేవాడు. ఆ వారమే ఒక బుట్ట ద్రాక్షపళ్ళతో వచ్చాడు. కాళ్ళు కడుక్కోనివ్వకుండానే పెద్దనాయన అడిగాడు: "ఏం మచ్చాన్, మీ పక్క ఎవురన్నా ముదలాళి, పొద్దుగూకేటప్పుడు వచ్చినోడికి పొద్దున వచ్చినోడి కూలి ఇస్తుండాడా?"

చిన్నమనూరు మామ బుట్ట కింద పెట్టి, బావ ఆరోగ్యం ఎలా ఉందన్నట్టు పెద్దమ్మ వైపు చూశాడు. "బావా, మా పక్క పొద్దున వచ్చినోడికే సరిగా ఇయ్యరు. కంబం దాకా పోయి అడుగు, అట్లాంటి పిచ్చోడు ఒక్కడు దొరకడు."

"అయితే కథే అన్నమాట" అన్నాను నేను.

"కథ కాదురా" అన్నాడు పెద్దనాయన, పండు ఒకటి నోట్లో వేసుకుని నమలడం మరిచిపోయి. "అది కోరిక. రేపు సమ్మెలో పెట్టబోయే కోరిక. ముందు కథలాగా చెప్పి మనసులో వేస్తారు."

ఇక లోపలికి దూరితే గాని గుట్టు తెలియదని ఆయన నిశ్చయించాడు. "చేరతానని చెప్పురా. ఊరికే చెప్పు. అప్పుడు ఆళ్ళ పెద్దలందరూ బయటికి వస్తారు. ఆఫీసర్‌ను తెచ్చి కళ్ళారా చూపిస్తాను. మనమే పట్టిచ్చినామంటే అంగడికి భయం ఉండదు." నాకు గుంటూరాయన మీద కొంచెం జాలి వేయకపోలేదు. కానీ అంగడి మాట వచ్చాక జాలికి చోటెక్కడ? పైగా గూఢచారి పని అంతవరకూ చదవడమే గాని చెయ్యడం అదే మొదటిసారి.

నేను అడగకముందే గుంటూరాయనే అడిగాడు. నా రెండు చేతులూ పట్టుకుని, "తమ్ముడూ, ఇన్ని ప్రశ్నలు అడిగినవాణ్ణి నా జన్మలో చూడలేదు. నీలో ఏదో ఆకలి ఉంది. సంఘంలో చేరతావా?" అన్నాడు.

"చేరతానండి" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ ఆదివారం కాపరి గారిని, సంఘ పెద్దల్ని ఇక్కడికే తీసుకొస్తాను. నీ గురించి అందరికీ ముందే చెప్పాను. నీ కోసం అందరూ కనిపెట్టుకుని ఉన్నారు."  పోత్తనూరు రైల్వే సంఘం నా కోసం ఎదురుచూస్తోందంటే పోలీసులు ఎదురుచూడరా?

పెద్దనాయన మిల్లుకు పోయి లేబర్ ఆఫీసర్‌తో చెప్పి వచ్చాడు. మా ఇంట్లోనే, సార్, నా కళ్ళ ముందే, సంగం కూడబోతుంది, మీరు వచ్చి చూడాల అన్నాడట. "ఆదివారమా? ఆదివారం పొద్దున నాకు వేరే పని ఉంటుందే" అని ఆఫీసర్ సణిగి, చివరికి పోతూ పోతూ ఒకసారి తొంగి చూస్తానన్నాడట.

ఆదివారం వచ్చింది. వాళ్ళూ వచ్చారు. తెల్ల మీసాల ముసలాయన ఒకరు (ఆయనే కాపరి గారట), రైల్వే బటన్ల కోటు వేసుకున్న ఇద్దరు, చేతి సంచులతో ముగ్గురు ఆడవాళ్ళు. (ఆడవాళ్ళా అని ఆశ్చర్యపోలేదు. మొన్నటి సమ్మెలో రీలింగ్ సెక్షన్ ఆడవాళ్ళ గొంతు ముందు మగవాళ్ళ గొంతులు ఏ మూలకు?) ఒకాయన చంకలో గుండ్రంగా, చదునుగా, గుడ్డలో చుట్టిన వస్తువు ఉంది. దాన్ని నేల మీద పెట్టేటప్పుడు ఘల్లుమంది. బాంబు ఘల్లుమంటుందా అని నేను చదివినవన్నీ గుర్తు చేసుకుంటుండగానే ఆయన గుడ్డ విప్పి కంజీర బయటికి తీశాడు. చాప మీద నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. ఒకావిడ నా తల నిమిరి, "ఈ బిడ్డేనా!" అంది. అవ్వ లోపలి గుమ్మంలో నిలబడి, మనవడికి ఇంత మర్యాద ఎందుకో అర్థం కాక, అయినా గర్వంగా చూస్తోంది.

పాట మొదలైంది. పాట నన్నేమీ కదిలించలేదు. ఏ సంగానికైనా పాట ఉంటుంది. తర్వాత అందరూ మోకాళ్ళ మీద వంగి కళ్ళు మూసుకున్నారు. ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. నేనూ వంగాను గాని, వేగువాణ్ణి కదా, ఒక కన్ను తెరిచే ఉంచాను. కాపరి గారు గంభీరమైన గొంతుతో, ప్రభువా, ఈ బిడ్డను వెతికి పట్టి మా మధ్యకు తెచ్చినందుకు నీకు స్తోత్రం అని మొదలుపెట్టారు. ప్రభువు అంటే ప్రభుత్వమా అని ఒక క్షణం ఆలోచించాను. ప్రభుత్వానికి ఎవరైనా కళ్ళు మూసుకుని స్తోత్రం చెబుతారా? అప్పుడు, అదుగో అప్పుడు, నా తలలో సంఘం, కాపరి, రాజ్యం, పైవాడు, విమోచన, ద్రాక్షతోట, అన్ని మాటలూ గ్రంథాలయం బీరువాలో తలకిందుల పుస్తకాల్లాగా ఒక్కొక్కటే తిరగబడి సరిగ్గా నిలబడ్డాయి.  తెరిచి ఉంచిన కన్ను కిటికీ వైపు తిప్పాను. కిటికీ అవతల పెద్దనాయన ముఖం, పక్కనే లేబర్ ఆఫీసర్ ముఖం. పెద్దనాయన వేలు పెట్టి మమ్మల్ని చూపిస్తున్నాడు. ఆఫీసర్ చూడటం లేదు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

కాపరి గారు ముగించారు. గదిలో అందరూ "ఆమెన్" అన్నారు. కిటికీ అవతల నుంచి కూడా "ఆమెన్" అని బరువైన గొంతు ఒకటి వినిపించింది.

నేను దిగ్గున లేచి బయటికి వచ్చాను. పెద్దనాయన నా భుజం పట్టి గోడ పక్కకు లాగాడు. ముఖం పాలిపోయి ఉంది. "అయిపోయిందిరా! ఆఫీసర్ కూడా సంగమేరా! గుర్తు మాట చెప్పినాడు, వింటివా? లోపలోళ్ళు ఏం చెప్పినారో అదే ఈయన కూడా చెప్పినాడు!"

ఆఫీసర్ అప్పటికే చెప్పులు విడిచి లోపలికి పోయి కాపరి గారికి నమస్కరిస్తున్నాడు. తిరునెల్వేలి దగ్గర తన తాతగారే పాదిరి అట. ఈ పూట తన ఆరాధనకు పోయే దారిలో ఇక్కడ ఆగాడట. కాసేపటికి బయటికి వచ్చి పెద్దనాయనతో, "ఇదు సంగం ఇల్లెయ్యా. సబై" అన్నాడు, ఇది సంగం కాదయ్యా అని.

తమిళ క్రైస్తవులు తమ సంఘాన్ని సబై అంటారని ఆ పూట నేనూ నేర్చుకున్నాను. పెద్దనాయనకు తెలిసిన సబై మాత్రం ఒక్కటే, మద్రాసులో ఎమ్మెల్యేలు కూర్చునేది. ఆయన చేతులు జోడించి, "సట్టసబైంగళా సార్? అంత దూరం పోయినారా?" అని అడిగాడు.

నవ్వడం రాని ఆ ఆఫీసర్ నవ్విన నవ్వుకు పక్కింటి కోళ్ళు చెదిరిపోయాయి. అరుగు మీద కూలబడి, కళ్ళు తుడుచుకుని, టీ అడిగాడు. లోపలివాళ్ళందరికీ కూడా ఇమ్మన్నాడు. టీ సగం తాగాక తమిళంలో ఆయన చెప్పింది ఇది: "నీ అంగడి మీద నాకున్న సందేగం ఈ రోజుతో పోయిందయ్యా. సొంత ఇంట్లో అద్దెకున్న మనిషి మీదే వచ్చి చెప్పేవాడు ఇంక ఏ సంగాన్ని నిలవనిస్తాడు? రేపు ఆఫీసుకు వచ్చి పర్మిషన్ తీసుకో." అంగడి దక్కింది. పెద్దనాయన నవ్వాలో ఏడవాలో తెలియక గ్లాసు కడగడం మొదలుపెట్టాడు, కడిగిందే మళ్ళీ కడిగాడు. ఎందుకంటే ఆ మాటలు వినేటప్పుడు గుంటూరాయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. తమిళం ఆయనకు ఆ మాత్రం వచ్చు.

"నా మీద చెప్పారాండి?" అన్నాడు మెల్లగా.

పెద్దనాయన తల ఎత్తలేదు. "అంగడి పోతాదేమోనని భయమైపోయింది సామీ. రూము మాత్రం కాళీ చెయ్యొద్దు."

 గుంటూరాయన చాప అంచు మీద కూర్చుని అన్నాడు: "మా ఊళ్ళో అయితే మతంలో కలిపేస్తానని అనుమానించేవాళ్ళండి. ఇక్కడ సమ్మె చేయిస్తానని. ఎటూ అనుమానం తప్పదు, కొంచెం మార్పుగా ఉంది." అని నవ్వాడు. ఆ నవ్వులో కొంత నొప్పి ఉందో లేదో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

ఈ మధ్యలో అవ్వ గుమ్మం దాటి గదిలోకి వచ్చేసింది. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అయితే నువ్వు వేదక్కారుడివా?" (క్రైస్తవుల్ని మా పక్క అలాగే అంటారు.) "తెలుగు మాట్లాడతుండావే!"

"మా వాళ్ళంతా తెలుగే మాట్లాడతారవ్వా."

"ఇలవేలుపు ఒక్కరే అంటివే?"

"ఒక్కరేనవ్వా."

"నేను రంగనాథుడనుకుంటిని" అంది అవ్వ, మోసపోయింది తానా, రంగనాథుడా అన్నట్టు. ఆ తర్వాత నావైపు తిరిగింది. ఆ చూపులో నూరేళ్ళ అనుమానం ఉంది. "వీడు మధ్యలో ఎందుకు కూర్చోనుండాడు? ఏమిరా, నిన్నెందుకు బిడ్డా బిడ్డా అంటుండారు?"

ఎవరికీ గుర్తు లేదనుకున్నది అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. కాపరి గారు, కోటు బటన్లు, ఆడవాళ్ళు, గ్లాసు చేతిలో లేబర్ ఆఫీసర్, కడగడం ఆపిన పెద్దనాయన, అందరూ నన్నే చూశారు. గుంటూరాయన మెత్తగా అడిగాడు. "అవును తమ్ముడూ. చేరతానన్నావు కదా?"

అవునంటే అవ్వ అక్కడే పడిపోతుంది. కాదంటే, ఇన్ని రోజులు నా చేతులు పట్టుకుని, నా ప్రతి వంకర ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన మనిషి ముఖం ఎలా చూడాలి? నిజం చెప్పాలంటే అడగడం మొదలుపెట్టింది వేగుగానే అయినా, ఆ ద్రాక్షతోట కథ విన్నప్పటి నుంచీ అది న్యాయమా కాదా అని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. అది ఎవరికి చెప్పను? నోట్లోనుంచి, పండితుణ్ణి గనుక, వచ్చిన మాట ఇది: "చదువుకుని చెబుతానండి."

ముందుగా కాపరి గారు నవ్వారు. తర్వాత ఇల్లంతా. అవ్వ మాత్రం నవ్వలేదు, "ఏం చదువుతాడో నేనూ చూస్తాను" అని అక్కడే కూర్చుంది. గుంటూరాయన నల్లగుడ్డ విప్పి, తన పుస్తకాన్ని నా చేతుల్లో పెట్టి, ఒక పుట తెరిచి, "ఇక్కడి నుంచి చదువు" అన్నాడు. నేను తడబడుతూ, ఒత్తుల దగ్గర ఆగుతూ, పైకి చదివాను. చదువుతుంటే అవ్వ జరిగి జరిగి నా దగ్గరికి వచ్చి, అక్షరాల వైపు, నా నోటి వైపు మార్చి మార్చి చూసింది. డెబ్భై ఏళ్ళుగా తెలుగు మాట్లాడుతున్న మనిషి, కాగితం మీద నుంచి తెలుగు వినడం అదే మొదటిసారి. "మన ఇంట్లో మాట అచ్చులో కూడా ఉండాదా!" అంది. ఆ ఆశ్చర్యంలో అనుమానం ఒక్క చుక్క లేదు. వెంటనే సర్దుకుని, "వింటే మారిపోతామా ఏమి?" అని అడిగింది.

"వింటే మారరవ్వా" అన్నాడు గుంటూరాయన. "చదివేవాడికే నోరు నొప్పి."

మిషన్లు బిగించే పని అయ్యేదాకా ఆయన మా ముందుగదిలోనే ఉన్నాడు. ఆదివారాలు పాటలు, అయ్యాక టీ. పెద్దనాయన ఆయన దగ్గర డబ్బు తీసుకునేవాడు కాదు. అందుకు కారణమేమిటని వీధివాళ్ళు సహజంగానే అనుమానించారు. నేను నా ప్రశ్నలు మానలేదు గాని ఇప్పుడు తిన్నగా అడిగేవాణ్ణి. దేవుని రాజ్యంలో ఓట్లుంటాయా, రాజు తప్పు చేస్తే ఏం చెయ్యాలి, సాయంత్రం వచ్చినవాడికి పూర్తి కూలి ఇస్తే రేపు పొద్దున ఎవడొస్తాడు? కొన్నింటికి ఆయన జవాబు చెప్పేవాడు. కొన్నింటికి గడ్డం గోక్కుని, "ఇది కాపరి గారిని అడగాలి" అనేవాడు. ఊరికి తిరిగి వెళ్ళే రోజు, రైల్వే స్టేషన్‌లో, పెట్టె మీద చెయ్యి వేసి నవ్వుతూ అడిగాడు. "చదవడం అయ్యిందా తమ్ముడూ?"

"ఇంకా కొంచెం ఉందండి" అన్నాను.

ఆ తర్వాత నా జీవితంలో ఎన్నో సంఘాలవాళ్ళు, సంగాలవాళ్ళు, పార్టీలవాళ్ళు, భజన మండళ్ళవాళ్ళు, అందరూ చేరమనే వచ్చారు. అందరికీ చదువుకుని చెబుతానన్న ఆ ఒక్క జవాబే చెప్పాను. తెలివైనవాడు, దొరకడు అనుకుని వెళ్ళిపోయారు. నిజానికి అది తెలివి కాదు, అలవాటు. ఇప్పుడు కళ్ళద్దాలు మందమయ్యాయి, చదవాల్సింది చాలావరకు చదివేశాను. ఇప్పుడెవరూ వచ్చి అడగరు. గుంటూరాయన ఇప్పుడు ఎదురుపడి, నా రెండు చేతులూ పట్టుకుని అడిగితే ఏం చెబుతానా అని అప్పుడప్పుడు ఆలోచిస్తాను. ఊళ్ళో అందరినీ అనుమానించిన ఇరవై ఏళ్ళ పండితుడు, తనను తాను ఒక్కసారి కూడా అనుమానించుకోని ఆ కుర్రాడు, తడుముకోకుండా ఏదో ఒకటి గట్టిగా చెప్పేసి ఉండేవాడు. నేనైతే, ఏమో, ఆ చేతులు వదలకుండా కాసేపు అలాగే పట్టుకుని ఉంటానేమో.